పలాసకు వచ్చు పాత తరము

కొత్త తరము వచ్చుచున్నదను వార్త మరల పుట్టినది. 2025 జూన్‌లో మైక్రోసాఫ్టువారు రాబోవు ఎక్స్‌బాక్సు కొఱకు ఏ.ఎం.డి. సంస్థతో గూడి చిప్పులు రూపొందించుచున్నామని ప్రకటించిరి. అక్టోబరులో ప్లేస్టేషను యంత్రములకు ముఖ్యశిల్పియైన మార్క్ సెర్నీ అదే ఏ.ఎం.డి. ప్రతినిధితో గూర్చుండి, కొన్ని సంవత్సరములలో వెలువడనున్న కన్సోలులో వెలుగునీడలను లెక్కగట్టు నూతన విధానము లెట్లుండునో వివరించెను. నవంబరులో వాల్వు సంస్థవారు టీవీ చెంత నుంచుకొనదగిన చిన్న ఘనాకృతి కంప్యూటరును స్టీమ్ మెషీన్ అను పేర ప్రకటించి, కన్సోలెచ్చట ముగియునో పీసీ యెచ్చట మొదలగునో చెప్పశక్యము గాని స్థితిని తెచ్చిపెట్టిరి. ఈ వార్తలను ఫోనులో చదువుకొని, పలాస స్టేషను ముందరి టీ దుకాణములవద్దను, టెక్కలి ఇంజనీరింగు కళాశాలకు బోవు బస్సులలోను, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతపు కొబ్బరితోటల నీడలలోను మా కుర్రవాండ్రు చేయు వాదమును నేను శ్రద్ధతో వినుచుందును. కన్సోలు మేలా, పీసీ మేలా అనునదే ఆ వాదము. వినోదమునకు సంబంధించిన చిన్న విషయమని దానిని త్రోసిపుచ్చుట నాకు సమ్మతము గాదు. ఏబదివేల రూపాయలు వెచ్చించి యింటికి తెచ్చుకొను వస్తువు ఎన్నేండ్లు నిలుచును, ఎవరెవరికి పనికివచ్చును, చెడినచో ఎవరు బాగుచేయుదురు అని తర్కించుకొనుట గృహస్థధర్మములోని భాగమే.

నగరములలో ఈ వాదము టెరాఫ్లాపులతోను, సెకనుకెన్ని ఫ్రేములను లెక్కతోను ముగియును. ఉద్దానమనబడు మా తీరప్రాంతమున ఆ లెక్క చాలదు. ఏ తరపు ఆటయంత్రమును తన ఆరంభదశలో మా యూళ్లకు వచ్చి యెరుగదు. ఒక తరము టోక్యోలో పుట్టి, అమెరికా ఐరోపాలలో యౌవనము గడపి, హైదరాబాదు విశాఖపట్టణములలో నడివయస్సు మీరి, తుదకు వార్ధక్యమున పలాసకు చేరును. చెన్నపట్టణమునకు పనికి బోయినవాడు సంక్రాంతికి వచ్చుచు చంకనబెట్టుకొని తెచ్చిన పాత పెట్టెగానో, సైన్యములోనున్న అన్న తోడి సిపాయివద్ద చౌకకు కొన్నదిగానో, హైదరాబాదులో ఉద్యోగము చేయు పినతండ్రి కొడుకు తనకు కొత్తది వచ్చినందున విడిచిపెట్టినదిగానో అది మా గడప త్రొక్కును. కొత్త తరము వచ్చుచున్నదనగా మాకు పాత తరము వచ్చుచున్నదని యర్థము. అందుచేత ఏ యంత్రము మేలని నన్నడిగినచో, అది యెట్లు ముసలిదగునని నేను మొదట చూతును. ముసలిదైన పిదప ఎవరి చేతికి చేరును, ఆ చేతికి ఎంతవరకు లోబడును అని తరువాత చూతును.

మా బంధువుల యింట ఈ ప్రశ్న పుట్టిన రీతి చెప్పెదను. మా మేనల్లుడు ఇంజనీరింగులో చేరిన వేసవిని నావద్దకు వచ్చి, "మావయ్యా, కన్సోలు కొందామంతే నాన్న సదువు పాడైపోద్దంతాడు. అదే పీసీ అంతే సదువుకే గదాని ఊరుకుంతాడు. రెండిట్లోనూ ఆటొక్కటే గదా!" అని మొరపెట్టుకొనెను. వాని తండ్రి కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారమున లెక్కలు వ్రాయువాడు. పౌనుకు ఎన్ని పప్పులు తూగునను దానినిబట్టి 180, 210, 240, 320 అని అంతస్తులేర్పరచి వెలగట్టు వృత్తిలో తలనెరసినవాడగుటచే, ప్రతి రూపాయికి ఎంత సత్తువ కలదని చూచుట అతనికి స్వభావమైపోయినది. నేను కదిపి చూడగా అతడు, "ఆటొక్కటే ఆడే పెట్టికి ఏభై వేలేటి బావా! కంప్యూటరైతే రేపు ఆడికి కూడెడతాది" అని ఒక్కమాటతో తేల్చివైచెను.

ఆ మాట తేలికగా కొట్టివేయదగినది గాదు. మన ప్రభుత్వమును కొంతకాలము అట్లే తలచినది. 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు కంప్యూటరును 18 శాతపు పట్టికలో జేర్చి, వీడియోగేము కన్సోలును 28 శాతపు పట్టికలో విలాసవస్తువుల సరసన గూర్చుండబెట్టిరి. 2019 జనవరి 1 నుండి గాని అది 18కి దిగిరాలేదు. చదువునకు ఒక పెట్టె, ఆటకు ఒక పెట్టె అను విభజన మా బావ మనస్సులోనే గాక ఢిల్లీ పట్టికలలోను ఉండెనన్నమాట. కాని ఆ రెండు పెట్టెలును లోపల ఎంత దగ్గరి చుట్టములో తెలిసికొన్నచో ఈ విభజన నిలువదు. దానికి తరముల చరిత్ర కొంత కావలెను.

టెక్కలివారికి ఆ చరిత్ర తెలుపుటకు దృష్టాంతమును దూరమున వెదకనక్కరలేదు. పర్లాకిమిడి రాజావారి పూనికచే 1900లో నౌపడ నుండి పర్లాకిమిడికి వేయబడి, పిమ్మట గుణుపురము దాక సాగిన రైలుమార్గము రెండడుగుల ఆరంగుళముల వెడల్పు గలది. హౌరా–మద్రాసు పెద్దలైను మీద వచ్చినవారు నౌపడలో దిగి, మూటాముల్లె మోసికొని, ఆ చిన్నబండి నెక్కి టెక్కలి మీదుగా పోవలసియుండెను. చిన్నలైనుకు తగిన ఇంజనులు వేరు, పెట్టెలు వేరు. పెద్దలైను చక్రమొక్కటియు దానిపై దిరుగదు. ఆ మార్గమును వెడల్పు చేయ నిశ్చయించినప్పుడు, 2004లో బండి నడకనే మాన్పి, పట్టాలన్నియు పెరికి కొత్తవి పరచిరి. 2011లో గాని గుణుపురము వరకు పెద్దబండి పోలేదు. కన్సోలు తరము మారుట చిరకాలము ఇట్టిదియే. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లో సెల్ అను విలక్షణమైన ప్రాసెసరుండెను. దానికై వ్రాసిన ఆట దానియందే నడువవలెను. 2013లో ప్లేస్టేషన్ 4 ఆ పట్టాలను పెరికివైచి, కంప్యూటరులకు అలవాటైన ఎక్స్86 జాతి ప్రాసెసరుతో వచ్చినది. మూడవదాని డిస్కు నాలుగవదానిలో దిరుగలేదు. ఎక్స్‌బాక్సు కూడ ఆ సంవత్సరమే అదే దారి పట్టినది. నాటినుండి ఈ రెండింటికిని పీసీకిని ఉన్నది పెద్దలైను ఒక్కటియే. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 తన ముందుదాని డిస్కులను దాదాపు అన్నిటిని ఆడించుచున్నదన్నచో, సోనీవారి సొంతపు ఆటలగు హొరైజన్ జీరో డాన్ 2020లోను, గాడ్ ఆఫ్ వార్ 2022లోను పీసీకి తరలివచ్చినవన్నచో, ఆ యేకత్వమే కారణము.

ప్లేస్టేషన్ 5 మూత దీసి చూచినచో 8 కోరుల ఏ.ఎం.డి. ప్రాసెసరు, 16 గిగాబైట్ల మెమొరీ, వేగవంతమైన ఎస్.ఎస్.డి. కనబడును. వీనిలో పీసీ కూర్చువానికి అపరిచితమైన దేదియు లేదు. మిగిలిన భేదమెల్ల అధికారమునకు సంబంధించినది: మూత విప్పు హక్కెవరిది, భాగము మార్చు హక్కెవరిది, ఆట ఏ యంగడిలో కొనవలెను, వెల యెవరు కట్టుదురు. పీసీయందు ఈ హక్కులు చాలవరకు కొన్నవానివి. కన్సోలునందు చేసినవానివి. చేసినవాడు ఆ హక్కులు తనయందుంచుకొని బదులుగా కొన్నవానికి ఏమిచ్చుచున్నాడను ప్రశ్నకు ఒకప్పుడు గొప్ప సమాధానముండెను. ఆ సమాధానము పేరు ప్లేస్టేషన్ 2.

2000 మార్చి 4న జపానులో పుట్టిన ఆ యంత్రము 15 కోట్ల పైచిలుకు అమ్ముడై, 2013 ఆరంభము వరకు, అనగా తన వారసుడు వచ్చి ఆరేండ్లు గడచిన పిదప గూడ, తయారగుచునే యుండెను. అమెరికాలో 299 డాలర్లతో మొదలైన దాని వెల 2009 నాటికి 99 డాలర్లకు దిగినది. ఏండ్లు గడచినకొలది వెల తగ్గుట, వెల తగ్గినకొలది కొత్త దేశములకు బోవుట, ఆ దేశములవారు తమ యాటలను తామే దానికై చేయుట, ఇది కన్సోలు వార్ధక్యమునకు సహజమైన క్రమముగా నుండెను. ఈ క్రమమునకు తెలుగునేల సాక్ష్యము. 2009లో హైదరాబాదులోని ఆరోనా సంస్థ హనుమాన్: బాయ్ వారియర్ అను ఆటను ప్లేస్టేషన్ 2 కొఱకు రూపొందించినది, భారతదేశమున రూపొంది ప్లేస్టేషనునకు వచ్చిన తొలి యాటగా అది పేర్కొనబడినది. ఆ సంవత్సరమే హైదరాబాదువారే యగు గేమ్‌శాస్త్ర సంస్థ దేశీ అడ్డా అను ఆటలో కబడ్డీని, గాలిపటములను, కర్రాబిళ్లను ఆ యంత్రమునకెక్కించినది. విమర్శకులు హనుమంతుని యాటను మెచ్చుకొనలేదు. దాని పనితనము మొరటుదనుట నిజమే. అయినను నేను దానిని మిక్కిలి గౌరవింతును. లోకమంతయు ప్లేస్టేషన్ 3ను గూర్చి మాటలాడుచున్న కాలమున, తొమ్మిదేండ్ల వయస్సు గల యంత్రము మన దేశములో అప్పుడే యౌవనమున నున్నదని గ్రహించి, దానికై పని చేయుటకు సాహసించినవారు తెలుగు నగరమున నుండిరి.

ముసలి కన్సోలు వలన మా ప్రాంతమునకు కలిగిన మేలు నేను కన్నులార చూచినదే. కాశీబుగ్గ బజారు వెనుక సందులో గంటకింతయని తీసికొని ఆడనిచ్చు గదులుండెడివి. ఒక పాత టీవీ, ఒక ప్లేస్టేషన్ 2, తీగలు ముడివడిన రెండు కంట్రోలర్లు, గోడకానించిన బల్ల. పిక్కలు కొట్టు పనికి బోవు తల్లి కొడుకును, జీడిపప్పు ఎగుమతి చేయు షావుకారు కొడుకును ఆ బల్లమీద ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. ఇరువురి యెదుటను ఉన్నది ఒకే చిత్రము, ఒకే వేగము. షావుకారు కొడుకునకు ఎక్కువ చక్కని నీడలు, పనివారి కొడుకునకు తక్కువ నీడలు అను భేదము దానిలో లేదు. టోక్యోలోని బాలుడు ఆడునది యేదో కాశీబుగ్గలోని బాలుడు ఆడునదియు అదే. ఆట చేయువాడు తన యెదుట నున్నది ఒకే యంత్రమని యెరిగి, సంవత్సరములు గడచినకొలది దాని శక్తిని చివరి బొట్టువరకు పిండుట నేర్చుకొనును; గాడ్ ఆఫ్ వార్ రెండవ భాగము 2007లో, ప్లేస్టేషన్ 2కు ఏడేండ్లు నిండిన పిమ్మట వచ్చినదన్నది స్మరించినచో ఆ నేర్పు ఎంతటిదో తెలియును. యంత్రము మారకుండగనే ఆటలు మెరుగగుట కొత్తది కొనజాలనివానికి గొప్ప వరము. పీసీ లోకమున ఇట్టి వరము లేదు. అచ్చట ఆట పెట్టెమీదనే కనీసము ఈ కార్డు కావలెనని వ్రాసియుండును. లేనివాడు ఆ వ్రాత చదివి మరలిపోవలెను.

కన్సోలు మాకిచ్చిన రెండవ మేలు డిస్కు. వేసవి సెలవులలో ఒక డిస్కు కాశీబుగ్గ నుండి మందసకు, మందస నుండి బారువకు, బారువ నుండి మరల టెక్కలికి ఆర్టీసీ బస్సులలో తిరిగి, పది యిండ్లలో ఆడబడి, గీతలు పడి యజమానివద్దకు చేరెడిది. కొన్నవాడొకడు, ఆడినవారు పదిమంది. ఇందులో దొంగతనమేమియు లేదు, పుస్తకము నెరవిచ్చినట్లే. 2013లో మైక్రోసాఫ్టువారు కొత్త ఎక్స్‌బాక్సును ప్రకటించుచు, యంత్రము 24 గంటలకొకసారియైన ఇంటర్నెట్టుతో సంధానము కావలెననియు, వాడిన డిస్కులు చేతులు మారుటకు నిబంధనలుండుననియు చెప్పిరి. జనులు ఆగ్రహించిరి. సోనీవారు ఒక చిన్న వీడియోలో, ఆట డిస్కును మిత్రునకెట్లు ఇయ్యవలెనో చూపుచు, ఒకడు డిస్కు డబ్బాను ప్రక్కవాని చేతిలో పెట్టుట మాత్రము చూపిరి. జూన్ 19న మైక్రోసాఫ్టువారు తమ నిబంధనలు వెనుకకు దీసికొనిరి. ఆ దినమున గెలిచినది ఏ సంస్థయనునది నాకు ముఖ్యము గాదు. తుపాను వచ్చినచో దినముల తరబడి సెల్ టవరు మూగవోవు మా తీరమునకు ఆ నిబంధన నిలిచియున్నచో ఆ యంత్రము పనికిరాకయే పోయెడిది.

ఇప్పుడు రాబోవు తరమును గూర్చి నాకు గల దిగులునకు వచ్చుచున్నాను. ప్లేస్టేషన్ 5 మన దేశమునకు 2021 ఫిబ్రవరి 2న వచ్చినది. డిస్కు గలదాని వెల 49,990 రూపాయలు, లేనిదాని వెల 39,990. పూర్వపు క్రమమైనచో రెండేండ్లలో ఆ వెల దిగవలెను. 2022 నవంబరులో అది 54,990కి ఎక్కినది. ముసలిదగుచున్న యంత్రము ప్రియమగుట కన్సోళ్ల చరిత్రలో అరుదు. 2023లో వచ్చిన సన్నని రూపమున డిస్కు డ్రైవు ఊడదీయుటకు వీలగు అంగమైనది. దానిని తగిలించునప్పుడు ఒకసారి ఇంటర్నెట్టులో నమోదు చేయవలెను. 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోతో డిస్కు డ్రైవు రానేలేదు, కావలసినవారు వేరుగా కొనవలెను. అంతేగాక, దాని వైఫైకి కావలసిన 6 గిగాహెర్ట్జుల తరంగములకు మన దేశమున అప్పుడు అనుమతి లేనందున అది ఆ యేడు భారతదేశమునకే రాలేదు. దీనికి తోడు 2025 చివర కృత్రిమమేధ కేంద్రములు మెమొరీ చిప్పులను రాసులుగా కొనుచుండుటచే ర్యాము వెలలు విపరీతముగా పెరిగి, మైక్రాన్ సంస్థ సామాన్య వినియోగదారులకు మెమొరీ అమ్ము క్రూషియల్ వ్యాపారమునుండి తొలగుచున్నానని డిసెంబరులో ప్రకటించినది. ఈ స్థితిలో కొత్త తరము చౌకగా పుట్టునని నేను నమ్మజాలను. వెల దిగని కన్సోలు, డిస్కు లేని కన్సోలు ముసలిదైనను పలాసకు రాదు. వచ్చినను అందులోని ఆటలు కొన్నవాని ఖాతాతో ముడివడి యుండును గనుక, పెట్టె యొక్కటియే వచ్చును. నూరు గిగాబైట్లు దాటిన ఆటను మా యూరి నెట్టుతో దింపుకొనుటకు ఎంత యోర్పు కావలెనో ఉద్దానపు కుర్రవాండ్రెల్ల ఎరుగుదురు.

పీసీ వార్ధక్యము మరియొక రీతిది. అది ఒక్కమారు ముసలిది గాదు. అంగమంగముగా ముసలిదగును, అంగమంగముగా మరల పడుచుదగును. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరును సీ.టీ.సీ. యని పిలుచుకొను మా యువకులకు అది తీర్థక్షేత్రము. అక్కడ కొన్న గ్రాఫిక్స్ కార్డు హైదరాబాదులో మూడేండ్లు పని చేసి, తరువాత విశాఖ ఎక్స్‌ప్రెస్సులో బట్టల నడుమ పదిలముగా వచ్చి, పలాసలోని తమ్ముని పెట్టెలో కుదురుకొనును. 2016లో పుట్టిన జీ.టీ.ఎక్స్. 1060 అను కార్డు స్టీమ్ అను ఆటల అంగడివారి సర్వేలో ఏండ్ల తరబడి మొదటి స్థానము నలంకరించుటకు ఇట్టి చేతుల మార్పే కొంత కారణమై యుండవలెను. నేటికిని ఆ కార్డుతో తృప్తిగా ఆడుకొనువారు మా వైపున గలరు. కన్సోలు తరమనునది చేసినవాని పంచాంగము ప్రకారము వచ్చును. పీసీ తరము మాత్రము కొన్నవాని చేతిలో సొమ్ము చేరిన దినమున వచ్చును.

మా తీరపు గాలి విషయము గూడ చెప్పవలెను. భావనపాడు నుండి బారువ దాక ఉప్పుగాలి వీచు యిండ్లలో ఇనుము నిలువదు, రాగితీగ నల్లబడును. సర్క్యూటు బోర్డులు మినహాయింపు గావు. పీసీని మాసమునకొకసారి విప్పి, మెత్తని కుంచెతో ధూళి దులిపి, చెడిన పవర్ సప్లయిని విడదీసి వేరొకదానిని పెట్టుకొనవచ్చును. ప్లేస్టేషన్ 5లో చిప్పునకును వేడిని లాగు లోహఖండమునకును నడుమ ద్రవలోహము నింపబడియున్నది. తెలియక విప్పినవాని చేతిలో అది జారి బోర్డు పాడగును. దానిని విశాఖపట్టణమునకో బరంపురమునకో మోసికొనిపోవుట తప్ప గతి లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరమున విరుచుకొనిపడి, కొబ్బరిచెట్లను, జీడితోటలను, కరెంటు స్తంభములను నేలగూల్చిన పిదప అనేక దినములు ఉద్దానము చీకటిలో నుండెను. కరెంటు మరల వచ్చిన వేళ అది ఒక నిలుకడతో రాలేదు. ఎక్కి దిగి ఎక్కి, టీవీలను, మోటార్లను కాల్చినది. అట్లు కాలిన కంప్యూటరులలో చాలవానికి పవర్ సప్లయి యొక్కటి మార్చిన చాలినది. టెక్కలిలోనే ఆ పని చేయగల మెకానిక్కు కలడు. బాగుచేయగలవాడు నడచిపోదగిన దూరమున నుండుట, మా వంటి ప్రాంతమున, యంత్రమునకుండవలసిన మొదటి గుణమని నేననుకొందును.

పీసీ దోషములను మరుగుపరచుట న్యాయము గాదు. దాని లోకమున సమత్వము లేదని ముందే చెప్పితిని. మరియొక దోషము కలదు. 2003లో జీ.టీ.ఏ. వైస్ సిటీ పీసీకి వచ్చిన నాటినుండి మా ఊళ్ల నెట్ సెంటర్లలో, కళాశాల హాస్టళ్లలో తిరిగిన ఆటలు చాలవరకు దొంగప్రతులే. చేసినవానికి దమ్మిడీ ముట్టని యా యానందముమీద ఒక తరము కుర్రవాండ్రు కంప్యూటరు నేర్చుకొనిరనుట యెంత నిజమో, వెల చెల్లించి ఆట కొనుట యనునది వారికి చిరకాలము తోచనైన తోచలేదనుటయు అంత నిజము. 2015 నుండి స్టీమ్ అంగడిలో వెలలు రూపాయలలో కనబడుచు, పండుగ తగ్గింపులలో మంచి యాట భోజనపు వెలకు దొరకుచుండగా ఆ యలవాటు క్రమముగా మారుచున్నది. ఈ మార్పు నాకు మిక్కిలి సంతోషము. ఇక పీసీకిని తరభేదములు లేకపోలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి రక్షణ ముగిసినది. విండోస్ 11 అంగీకరింపని పాత ప్రాసెసరులు గల పెట్టెలు మా వైపు లెక్కకు మిక్కిలి. అయినను వానిలో లినక్సు నెక్కించి, వాల్వువారి ప్రోటాన్ అను ఉపకరణపు సహాయమున విండోసు ఆటలను ఆడుచున్న విద్యార్థులను నేనెరుగుదును. తలుపొకటి మూసినప్పుడు వేరొక తలుపు వెదకికొను స్వాతంత్ర్యము అక్కడ కలదు.

చేతిలో ఫోనుండగా ఈ రెండును ఏల యని యడుగువారు కలరు. నిజమే, ఉద్దానమున ఆడుచున్నవారిలో అధికసంఖ్యాకులు ఫోనులోనే ఆడుచున్నారు. పలాసలో 2023 డిసెంబరున ఆరంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వరండాలో కూర్చున్నచో, లోపల తండ్రికి నాలుగు గంటలు డయాలసిస్ జరుగుచుండగా వెలుపల ఫోనులో తలదూర్చిన కొడుకులు కనబడుదురు. ఆ నాలుగు గంటలు గడుపుటకు వారికి ఆ చిన్న తెరయైన ఉన్నందుకు నేను కృతజ్ఞుడను. కాని ఫోనులోని యాట ఒంటరి యాట. ఎదుటివాడెక్కడనో కంటికానని చోట నుండును. మూత్రపిండముల జబ్బుతో ఇంటి లెక్కలన్నియు తారుమారైన కుటుంబములున్న ప్రాంతమున ఆటయంత్రపు వెల ఎంతటి భారమో నాకు తెలియక కాదు. తెలియుటచేతనే, కొన్నది పదేండ్లు నిలువవలెననియు, ఇంటిల్లిపాది కూర్చుండి ఆడుకొన వీలుండవలెననియు పట్టుబట్టుచున్నాను.

2026 నవంబరు 19న జీ.టీ.ఏ. ఆరవ భాగము వచ్చునని ప్రకటింపబడినది. అది ప్లేస్టేషన్ 5కును ఎక్స్‌బాక్సు సిరీస్ యంత్రములకును మాత్రమే. పీసీకి ఎప్పుడని చెప్పలేదు. దానికొఱకే కన్సోలు కొనవలెనని మా మేనల్లుని మిత్రులు కొందరు ఉవ్విళ్లూరుచున్నారు. వైస్ సిటీ గూడ మొదట ప్లేస్టేషన్ 2కు వచ్చి కొన్ని మాసములకు గాని పీసీకి రాలేదు. అందువలన దాని రుచి తగ్గలేదు. మా మేనల్లునికి నేనిచ్చిన సలహా యిది: వాడిన కార్డుతో పీసీ కూర్చుకొనుము, మెమొరీకి ఒక ఖాళీ చోటుంచుకొని, వెలలు దిగినప్పుడు నింపుకొనుము, దానిని గదిలో మూలకు పెట్టక టీవీకి తగిలించి, రెండు కంట్రోలర్లు కొనుము. కొత్త కన్సోలు వచ్చిన దినమున దాని టెరాఫ్లాపులు చదువకముందు, ముందువైపున డిస్కు పట్టు సందు ఉన్నదా యని చూడుము. ఉన్నచో అది యెప్పటికైన మన యూరికి వచ్చును, వచ్చినప్పుడు కొందము.

హైదరాబాదులోని ఆటశిల్పులతో గూడ నాకొక విన్నపము కలదు. 2009లో మీ పూర్వులు తొమ్మిదేండ్ల యంత్రమునకై పని చేసిరి. నేడు ప్లేస్టేషన్ 4కు పండ్రెండేండ్లు నిండినవి, 1060 కార్డునకు పది నిండవచ్చుచున్నవి. అవి యిప్పుడిప్పుడే మా యిండ్లకు చేరుచున్నవి. వానియందు నడుచు ఆట నొకదానిని చేయుడు. అది పది గిగాబైట్లు మించరాదు. నెట్ లేకున్నను నడువవలెను. ఇద్దరు ఒకే తెర యెదుట కూర్చుండి ఆడునదై యుండవలెను. అందులోని మనుష్యులు తెలుగు మాటలాడవలెను. మా వైపు కథయైనచో, తిత్లీ కూల్చిన తోటను మరల నాటుకొను అన్నదమ్ముల కథ చేయుడు, వారి చేత మా యాసలోనే మాటలాడింపుడు. వెల మూడువందల రూపాయలు పెట్టుడు. దొంగప్రతి కొఱకు వెదకక, కొని ఆడువారిని పలాసలో నేను చూపింతును.